ఖటికం: ఉండవలసిన చోట, ఉండకూడని చోట

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల విద్యాసంస్థ ఉత్సవంలో సున్నం గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ ప్రాంగణంలో నేడు మూడు తరాలవారు ఒక్కచోట కూర్చున్నారు. తాతలు మోకాళ్లపై చేతులానించి మెట్లెక్కి వచ్చారు. తల్లిదండ్రులు భుజం నొప్పి అనో, నడుము నొప్పి అనో చెప్పుకొంటున్నారు. పిల్లలు ఆటస్థలంలో పడుతూ లేస్తూ ఎదుగుతున్నారు. ఈ మూడు తరాల క్షేమంతోనూ ముడిపడిన ధాతువు కాల్షియం. తెలుగు మాధ్యమంలో చదివిన వెనుకటి తరంవారు దానిని ఖటికమనే పేరుతో నేర్చుకొన్నారు. అది ఎముకలో ఉంటే బలమని అందరూ ఎరుగుదురు. అదే ఖటికం కండలోనో, నరాన్ని ఆనుకొనో, గుండె కవాటంలోనో పేరుకొంటే ఏమని అర్థం చేసుకోవాలన్నది నేటి ప్రసంగ విషయం.

ముందుగా ఒక ఉపాధ్యాయిని ఉదంతాన్ని ఊహించండి. ఇట్టిది ఏ ఇంటిలోనైనా జరగదగినదే. ఆమె ఇరవై ఏళ్లకు పైగా నల్లబల్లపై వ్రాస్తూ పాఠాలు చెప్పింది. ఒకనాటి రాత్రి కుడి భుజంలో భరింపరాని నొప్పి పుట్టింది. తెల్లవారేసరికి చేయి పైకెత్తడమే కష్టమైంది. ఎక్స్-రే తీయించగా నివేదికలో ‘కాల్సిఫికేషన్’ అనే ఆంగ్లపదం కనిపించింది. అర్థం అడుగగా ఎవరో ‘కాల్షియం ఎక్కువైంది’ అన్నారు. ఆనాటి నుండి ఆ ఇంట పాలు, పెరుగు, రాగిజావ ఆగిపోయాయి. ఆమె ఒక్కతే మానలేదు. పదమూడేళ్ల కుమార్తెకు కూడా ఎందుకైనా మంచిదని మాన్పించింది. తల్లి ప్రేమతో చేసిన పనే. కాని ఒక్క పదాన్ని అపార్థం చేసుకొన్నందున ఎముకలు కట్టుకొనే వయస్సులో ఉన్న బిడ్డకు ఎముకల ఆహారం దూరమైంది. ఆమె ఎక్కడ పొరబడిందో తెలియాలంటే, ఖటికం శరీరంలో ఎట్లా మెలగుతుందో తెలియాలి.

పెద్దవారి శరీరంలో సుమారు ఒక కిలోగ్రాము కాల్షియం ఉంటుంది. అందులో నూటికి తొంబది తొమ్మిది పాళ్లు ఎముకలలోను, దంతాలలోను భాస్వరంతో కలిసి గట్టిపడి ఉంటుంది. మిగిలిన ఒక్క పాలు రక్తంలోను, కణాలలోను ఉండి గుండె కొట్టుకోవడానికి, కండరాలు ముడుచుకోవడానికి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. నూరు మిల్లీలీటర్ల రక్తద్రవంలో కాల్షియం ఇంచుమించు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల నడుమనే నిలుస్తుంది. ఒక పూట పాలు ఎక్కువ త్రాగినా, ఒక పూట త్రాగకపోయినా ఈ కొలత చెదరదు. కంఠంలోని నాలుగు చిన్న పార్శ్వావటు గ్రంథులు, అనగా పారాథైరాయిడ్ గ్రంథులు, దీనిని అనుక్షణం కనిపెట్టి ఉంటాయి. రక్తంలో కాల్షియం తగ్గితే అవి ఎముకల నిధి నుండి తెప్పిస్తాయి. విటమిన్ డి ప్రేగుల నుండి గ్రహింపజేస్తుంది. మిగులును మూత్రపిండాలు బయటికి పంపుతాయి.

రక్తంలో కాల్షియం, భాస్వరం రెండూ దాదాపు స్ఫటికాలుగా మారగలిగినంత సాంద్రతలోనే ఉంటాయి. అయినా కండ రాయి కాదు. కారణం, అట్లా కాకుండా అడ్డుకొనే పదార్థాలు శరీరంలో ఉండడమే. మెగ్నీషియం, పైరోఫాస్ఫేట్, కాలేయం తయారుచేసే కొన్ని మాంసకృత్తులు ఈ కాపలా కాస్తాయి. కాపలా తప్పిన చోటనో, రక్తంలోని కొలతలు మితిమీరినప్పుడో ఖటికం మృదు కణజాలంలో పేరుకొంటుంది. ఈ రెండు మార్గాలను వేరుచేసి తెలుసుకొంటే సగం భయం తొలగుతుంది.

భాస్వరాన్ని పేర్కొన్నప్పుడు ఒక తెలుగు బిడ్డను స్మరించడం ధర్మం. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డ్ వైద్య విద్యాలయానికి వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాలలో భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో దశాబ్దాల పాటు వాడుకలో ఉన్నది. కాల్షియం ఎంత ఉన్నదన్న ప్రశ్నతోపాటు భాస్వరం ఎంత ఉన్నదన్న ప్రశ్నకు కూడా సమాధానం దొరికితేనే ఈ నిక్షేపాల రహస్యం విడుతుంది.

ఇక మొదటి మార్గం. రక్తంలో కాల్షియం, భాస్వరం రెండూ సరిగానే ఉంటాయి. కాని శరీరంలో ఒకచోట కణజాలం దెబ్బతినో, క్షీణించో, మృతిచెందో ఉంటుంది. ఆ చోట ఖటికం చేరుతుంది. పాడుబడిన గోడపైనే నాచు పట్టినట్లు, జబ్బుపడిన చోటనే అది పడుతుంది. మృదు కణజాలాలలో కనిపించే నిక్షేపాలలో అధిక భాగం ఈ కోవకు చెందినవే. ఊపిరితిత్తిలో ఎప్పుడో సోకి మానిపోయిన క్షయ మచ్చలో సున్నం కనిపిస్తుంది. పిరుదులలో ఏనాడో వేసిన సూదిమందుల చోట చిన్న నిక్షేపాలు మిగిలి, వేరే పనికి తీసిన ఎక్స్-రేలో బయటపడతాయి. గర్భాశయంలోని పాత గడ్డలలోను, క్రొవ్వు చేరిన ధమనుల గోడలలోను, శరీరంలో చచ్చిపోయిన పురుగుల తిత్తులలోను ఇదే జరుగుతుంది. కొన్నింటికి ఏ చికిత్సా అక్కరలేదు. అవి మానిన గాయపు గుర్తులు మాత్రమే. కొన్ని మాత్రం హెచ్చరికలు. గుండె ధమనులలో కనిపించే సున్నం అక్కడ క్రొవ్వు వ్యాధి ఉన్నదని చెబుతుంది. స్తనాల పరీక్షలో కనిపించే సూక్ష్మ నిక్షేపాలు ఎక్కువగా నిరపాయకరమైనవే అయినా, కొన్ని రకాల అమరికను వైద్యులు తప్పక పరిశీలించాలి.

పాఠశాలకు నేరుగా సంబంధించిన ఉదాహరణ ఒకటున్నది. కొందరు పిల్లలలో గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్లవాపు వస్తాయి. ఇది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్లవాపు మానిపోతుంది, కాని గుండె కవాటాలు గాయపడవచ్చు. ఆ గాయపడిన కవాటాలే దశాబ్దాల తరువాత సున్నం పట్టి బిగుసుకొంటాయి. నడివయస్సులో ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లిన వ్యక్తి గుండెలో కనిపించే ఖటికానికి మూలం బడిలో చదివే రోజుల నాటి గొంతునొప్పి కావచ్చు. కావున కీళ్లవాపు, జ్వరం వచ్చిన బిడ్డను ‘ఎదుగుదల నొప్పులు’ అని ఉపేక్షించరాదు. వైద్యుడు పెన్సిలిన్ మందును సంవత్సరాల తరబడి వాడమంటే మధ్యలో మానరాదు.

భుజంలోని నిక్షేపం కూడా సాధారణంగా రక్తపు దోషం కాదు. చేతిని ఎత్తే కండరాలను ఎముకకు కట్టే స్నాయుబంధనంలో సుద్దముద్ద వంటి పదార్థం చేరుతుంది. ఇది ముప్పది నుండి అరువది ఏళ్ల నడుమ, స్త్రీలలో కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో ఒక విశేషమున్నది. నిక్షేపం చేరుతున్నంతకాలం పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు. శరీరమే దానిని కరిగించి తొలగించడానికి పూనుకొన్నప్పుడు నొప్పి తీవ్రమవుతుంది. ఉపాధ్యాయిని భరింపరాని నొప్పితో మేల్కొన్న రాత్రి, ఆమె శరీరం ఆ నిక్షేపాన్ని తొలగించే పనిలో ఉండి ఉండవచ్చు. చాలామందికి విశ్రాంతి, నొప్పి తగ్గించే మందు, తరువాత తగిన వ్యాయామం సరిపోతాయి. తగ్గనివారికి సూదితో కడిగి తీసే పద్ధతి, ధ్వనితరంగాల చికిత్స ఉన్నాయి. పాలు మానడం మాత్రం ఈ చికిత్సలలో లేదు.

రెండవ మార్గంలో కణజాలం ఆరోగ్యంగానే ఉండవచ్చు. రక్తంలోని కొలతలే తప్పుతాయి. కాల్షియం గాని, భాస్వరం గాని, రెండూ గాని పెరిగి, మూత్రపిండాలలో, ఊపిరితిత్తులలో, జీర్ణాశయపు పొరలో, రక్తనాళాలలో ఖటికం దిగుతుంది. దీనిని జర్మనీ శాస్త్రవేత్త రుడాల్ఫ్ ఫిర్ఖోవ్ 1855లోనే వర్ణించాడు. పార్శ్వావటు గ్రంథి అతిగా పనిచేయడం, కొన్ని క్యాన్సర్లు, సార్కాయిడోసిస్ అనే వ్యాధి ఇందుకు కారణాలు. నేడు ఎక్కువగా ఎదురయ్యే కారణం దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. మూత్రపిండాలు భాస్వరాన్ని బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పెరిగి, కాల్షియంతో కలిసి నాళాల గోడలలో స్థిరపడుతుంది. అట్టివారు ఆహారాన్ని, మందులను వైద్యుల సలహా మేరకే తీసుకోవాలి. డయాలిసిస్‌లో ఉన్నవారి చర్మంపై నొప్పితో కూడిన నల్లని మచ్చలు వస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

ఈ రెండవ మార్గంలో మానవుని చేజేతుల వచ్చే కీడు కూడా ఉన్నది. విటమిన్ డి తక్కువైనవారికి 60,000 యూనిట్ల పొడి పొట్లం సాధారణంగా వారానికొకటి చొప్పున, నిర్ణీత కాలం వాడమని వ్రాసి ఇస్తారు. దానిని పొరపాటున రోజూ వాడినవారు, చీటీ గడువు తీరినా నెలల తరబడి కొని వాడినవారు, పొట్లాలతోపాటు సూదిమందు కూడా తీసుకొన్నవారు అతిదాహం, అతిమూత్రం, వాంతులు, మలబద్ధకం, మతిమరుపు వంటి లక్షణాలతో ఆసుపత్రిలో చేరిన సందర్భాలున్నాయి. విటమిన్ డి శరీరంలోని క్రొవ్వులో నిలువ ఉంటుంది గనుక మందు ఆపినా వారాల పాటు దాని ప్రభావం పోదు. ఆమ్లాన్ని తగ్గించే కాల్షియం మాత్రలను విచ్చలవిడిగా నమలడం వలన, మరీ అరుదుగా తాంబూలంతో సున్నం మితిమీరి సేవించడం వలన కూడా రక్తంలో కాల్షియం పెరిగిన సంఘటనలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. గమనించండి, ఇక్కడ దోషం పాలది కాదు, పెరుగుది కాదు. కొలత తప్పిన మందుది.

మూడవదిగా చెప్పుకోదగినది ఆటస్థలపు విషయం. ఇందులో కండరం లోపల సున్నం మాత్రమే కాక నిజమైన ఎముకే పుడుతుంది. చెట్టు మీది నుండో, బల్ల మీది నుండో పడి మోచేయి విరిగిన పిల్లవానికి కొందరు నూనె పెట్టి గట్టిగా మర్దన చేయిస్తారు. బిగుసుకొన్న చేతిని బలవంతంగా లాగి చాపిస్తారు. దెబ్బతిన్న కండరాన్ని మళ్లీ మళ్లీ నలిపితే అందులో ఎముక ఏర్పడి మోచేయి శాశ్వతంగా మడతపడని స్థితి రావచ్చు. మోచేయి వాచిన బిడ్డకు కదలకుండా ఆధారం కట్టి, ఎక్స్-రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మర్దన వద్దు. కట్టు విప్పిన తరువాత బిడ్డ తనంతట తానుగా చేయగలిగినంత వ్యాయామమే మేలు. వ్యాయామోపాధ్యాయులు, తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే కొందరు పిల్లల చేతులు నిలుస్తాయి.

చివరి ఉదాహరణ తెలుగు నేలది. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లాకు చెంది, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన ప్రాంతంలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలలో ఒక వింత వ్యాధి ఉన్నదని షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు 1937లో ప్రకటించారు. దంతాలపై గోధుమరంగు మచ్చలు, బిగుసుకొన్న మెడ, వంగని వెన్ను, ముడుచుకొన్న కాళ్లు దాని లక్షణాలు. కారణం బావినీటిలోని ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లా ఈ ఫ్లోరోసిస్ వ్యాధితో దేశమంతటికీ తెలిసింది. ఫ్లోరైడ్ అధికమైనప్పుడు ఎముకలు అసహజంగా చిక్కబడడమేగాక, ఎముకను ఎముకకు కలిపే సంధిబంధనాలలో ఖటికం దిగి అవి కర్రల వలె బిగుస్తాయి. వెన్నులో నరాలు నొక్కుకొనిపోయి కాళ్లు చచ్చుబడవచ్చు.

ఆ పల్లెలవారు పాలు, పెరుగు అధికంగా సేవించినందున వారి సంధిబంధనాలు రాళ్లయ్యాయా? కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరోసిస్ ప్రాంతంలోని యువజనులలో మోకాళ్లు లోపలికి వంగి ఒరుసుకొనే వైకల్యాన్ని, దానితోపాటు ఎముకలు గుల్లబారడాన్ని 1973లో వర్ణించారు. ఆహారంలో కాల్షియం కొరవడిన పిల్లలను ఫ్లోరైడ్ మరింతగా కుంగదీస్తుంది. ఒకే శరీరంలో ఎముక ఖటికం లేక గుల్లబారవచ్చు, పక్కనే ఉన్న సంధిబంధనం ఖటికంతో బిగుసుకోవచ్చు. నిక్షేపమంటే తిన్నది ఎక్కువైందని అర్థం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆ వ్యాధికి నివారణ పాలు మానడంలో లేదు, నీరు మార్చడంలో ఉన్నది. మహారాష్ట్రలో నాగపూరునందున్న నీరి సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో కృష్ణా జలాలను గొట్టాల ద్వారా పల్లెలకు అందించే పథకాలు వచ్చాయి. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదని, వేరే నీటివసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం. లోతైన బోరునీరు త్రాగే కుటుంబాలు ఆ నీటిని ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది.

మూత్రపిండాలలో రాళ్లున్నవారికి కూడా ఇదే అపోహ ఉన్నది. 45,000 మందికి పైగా పురుషులను పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో ఫలితాలను ప్రకటించినప్పుడు, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకొన్నవారిలోనే రాళ్లు తక్కువగా కనిపించాయి. ప్రేగులలోనే కాల్షియం ఆక్సలేట్‌ను పట్టి బంధించి బయటికి పంపడం దీనికి ఒక వివరణ. ఇటలీలో రాళ్ల వ్యాధిగ్రస్తులైన 120 మంది పురుషులను అయిదేళ్ల పాటు పరిశీలించిన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. కాల్షియం తగ్గించినవారికంటె, కాల్షియం తగినంత ఉంచుకొని ఉప్పును, మాంసాహారాన్ని తగ్గించినవారికి రాళ్లు తిరిగి రావడం ఇంచుమించు సగమే అని తేలింది.

కావున ఎవరి నివేదికలోనైనా ‘కాల్సిఫికేషన్’ అనే పదం కనిపిస్తే వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ అవయవంలో ఉన్నది? అక్కడ పాత గాయం గాని, వ్యాధి గాని ఉన్నదా? రక్తంలో కాల్షియం, భాస్వరం, మూత్రపిండాల పనితీరు చూడవలసిన అవసరమున్నదా? అవసరమైతే పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి పరీక్షలు కూడా చేయిస్తారు. వాడుతున్న మాత్రలు, పొట్లాలు, సూదిమందులు అన్నింటినీ దాచక చెప్పండి. చర్మం క్రింద గట్టి బుడిపెలు ఏర్పడి సుద్ద వంటి తెల్లని పదార్థం కారుతుంటే ఉపేక్షించకండి. అది చర్మానికి, కండరాలకు సంబంధించిన కొన్ని వ్యాధుల సూచన కావచ్చు. సమాధానం దొరికేవరకు ఆహారాన్ని సొంతంగా మార్చుకోకండి.

భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పది నుండి పద్దెనిమిదేళ్ల వయస్సువారికి వయస్సును బట్టి 850 నుండి 1,050 మిల్లీగ్రాములు అవసరం. నూరు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాములు, నూరు మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు లభిస్తాయి. రాగిసంకటి, పెరుగన్నం, ఆకుకూర పప్పు, నువ్వుల ఉండలు, ముళ్లతో నమలదగిన చిన్న చేపలు తెలుగువారు ఏ రాష్ట్రంలో స్థిరపడినా వెంట తెచ్చుకొన్న భోజనమే. ఆ భోజనాన్ని భయంతో దూరం చేసుకోనక్కరలేదు.

ఆ ఉపాధ్యాయిని ఇంటికి మరల వెళ్దాం. ఎవరైనా ఆమెకు మాతృభాషలో, ‘అమ్మా, ఇది రక్తంలోని దోషం కాదు, అరిగిన స్నాయువులో చేరిన సుద్దముద్ద. కాలక్రమాన తగ్గుతుంది. పాలు మానవద్దు’ అని నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఆ పదమూడేళ్ల బిడ్డ కంచంలో నుండి పెరుగు పోయేది కాదు. విజ్ఞానం పుస్తకాలలో ఎంత ఉన్నా, అర్థమయ్యే భాషలో, అవసరమైన వేళకు ఇంటికి చేరకపోతే ప్రయోజనం శూన్యం. పరాయి రాష్ట్రాలలో తెలుగు బడి డెబ్బది అయిదేళ్లుగా చేస్తున్న సేవలో ఇది కూడా ఒక భాగం. ఇక్కడ చదివి వైద్యులు, నర్సులు, మందుల దుకాణదారులు, ప్రయోగశాల ఉద్యోగులు అయిన పూర్వ విద్యార్థులు, తమ వద్దకు వచ్చే తెలుగువారికి నివేదికలోని పదాన్ని తెలుగులో విప్పి చెప్పే బాధ్యత స్వీకరించాలి. నేడు ఇంటికి వెళ్లిన తల్లులు, తండ్రులు కారణం తెలియకుండా ఆగిన పాలగ్లాసును తిరిగి బిడ్డల చేతికి అందిస్తే, ఈ ప్రసంగం సార్థకమైనట్లే.

శుభం భూయాత్.